పిల్లికి మైల లేదు

శాలిబండ నుంచి లోపలికి పోయే ఒక సందులో చిన్న పెరుమాళ్ల గుడి ఉండేది. గుడి వెనుక వంటశాల, వంటశాలకు అంటుకొని బియ్యం నిలవ చేసే గది, ఆ గదికి అంటుకొని రెండు గదుల ఇల్లు. కోమలవల్లి ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఇంకా పరికిణీ కట్టుకునే పిల్ల. పంతొమ్మిది వందల యాభై నాలుగు వచ్చేసరికి ఆమెకు నలభై దాటాయి. అన్నేళ్లలో ఆమె చూసిన ఊరంతా కలిపితే ఇటు లాల్‌దర్వాజ, అటు చార్మినార్. నిజాం రాజ్యం పోయిన సంగతి కూడా పాలు పోసే మొగులయ్య చెప్తేనే ఆమెకు తెలిసింది. "అట్లనా" అని పాలచెంబు లోపల పెట్టుకుంది.

ఆమె భర్త వేణుగోపాలాచారి స్వామికి ప్రసాదాలు వండేవాడు. అతని తండ్రి అదే పని చేశాడు, తాత అదే పని చేశాడు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందని గానీ, దద్ధోజనం పులిసిందని గానీ అతన్ని ఎవరూ అనలేదు. వండేటప్పుడు రుచి చూడకూడదు. కాబట్టి ఉప్పు అతని చేతికే తెలియాలి. తెలిసేది.

పిల్లలు లేరు. పిల్లి ఉండేది. బియ్యం ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పిల్లి తప్పదు. దానికి పేరు పెట్టలేదు. వేణుగోపాలాచారి దాన్ని "ఏమే" అని పిలిచేవాడు. భార్యనూ అట్లాగే పిలిచేవాడు. పిలిస్తే ఒక్కోసారి ఇద్దరూ వచ్చేవాళ్లు. "నిన్ను గాదు, దాన్ని" అనేవాడు. ఎవర్ని అన్నాడో మళ్లీ తేల్చుకోవాల్సి వచ్చేది.

ఆ పిల్లి గడప దాటేది కాదు. మండువా మీద ఇనుప చువ్వలు పరిచి ఉండేవి, వీధి తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. బియ్యం గది, వంటశాల, ఇల్లు, అదే దాని లోకం. మడి కట్టుకొని వేణుగోపాలాచారి వండుతుంటే అతని కాళ్లకు రాసుకుంటూ తిరిగేది. కుక్క నీడ పడితే స్నానం చేసే ఇంట్లో పిల్లి తాకితే ఏమీ లేదు. పిల్లికి మైల లేదు, పెద్దలు చెప్పిన మాట అది. ఆ మాట వినీ వినీ, పిల్లికి ఏదీ అంటదనే ఆ ఇంట్లో ఇద్దరి మనసుల్లోనూ స్థిరపడిపోయింది.

దసరా వెళ్లిన తర్వాత ఒక మధ్యాహ్నం పెరట్లోని తూములోంచి ఒక ముంగిస లోపలికి వచ్చింది. పగటిపూట, మనుషులున్నారనే భయం లేకుండా వచ్చింది. పిల్లి దాని మీదికి దూకింది. రెండూ కలబడి దొర్లాయి. కోమలవల్లి చీపురుతో కొడితే ముంగిస తూములోంచే పోయింది. పిల్లి చెవి చిరిగింది.

"ముంగిస ఇంట్లకొచ్చిందా? మంచి శకునమే" అన్నాడు వేణుగోపాలాచారి. ఆ సాయంత్రం పెరుమాళ్లకు ఒక కొబ్బరికాయ ఎక్కువ కొట్టించాడు.

కార్తీకంలో పిల్లి మారింది. పాలు పోస్తే మూతి దగ్గరికి పెట్టి వెనక్కి తగ్గేది. గొంతు బొంగురుపోయింది. బియ్యపు గుమ్మి వెనుక చీకట్లో కూర్చొని బయటికి రావడం మానేసింది. మూతి చుట్టూ తడి. వేణుగోపాలాచారి ఒక ఉదయం మడితో బియ్యం కొలుచుకోవడానికి వంగాడు. పిల్లి అతని బొటనవేలి మొదట్లో కరిచింది. కరిచి వదల్లేదు. అతను చెయ్యి విదిలించినా వేలాడింది. కోమలవల్లి పరుగున వచ్చి మెడ పట్టి లాగితే ఆమె మణికట్టు మీద కరిచి గుమ్మి వెనక్కి పోయింది.

అతను చెయ్యి కడుక్కొని పసుపు అద్దుకున్నాడు. బావి దగ్గర మళ్లీ స్నానం చేసి, మడి బట్ట మార్చుకొని వంటకు కూర్చున్నాడు. నెత్తురు వచ్చింది గనుక స్నానం. పిల్లి కరిచింది గనుక కాదు.

మర్నాడు పిల్లి చచ్చిపోయింది. కరివేపాకు చెట్టు దగ్గర గుంట తీసి పాతిపెట్టాడు.

"పక్కింటోళ్లు ఎలుకల మందు పెట్టినట్టున్నరు. మందు తిన్న ఎలుకను ఇది తిన్నది. పాపం" అన్నాడు.

కోమలవల్లికీ అట్లాగే అనిపించింది. అట్లా కాకుండా అనిపించిందల్లా మొగులయ్య వచ్చాక. జహనుమా దగ్గర అతనికి బర్రెల కొట్టం ఉండేది. భార్య పుష్పమ్మ పాలకుండ నెత్తిన పెట్టుకొని అతని వెంట వచ్చేది. పాలు పోస్తూ కోమలవల్లి మణికట్టుకున్న గుడ్డ చూసింది.

"ఏంది అమ్మగారూ, కాలిందా?"

"పిల్లి కరిచింది. ఆయనను గూడ కరిచింది. నిన్న చచ్చిపోయింది."

పుష్పమ్మ మొగుడి వైపు చూసింది. మొగులయ్య తలపాగా సర్దుకున్నాడు.

"చచ్చిపోయిందంటే మంచిగ లేదమ్మా. మా కొట్టంల ఒక బర్రెకు గట్లనే అయింది. ఏదో కరిచిందట, మాకు తెల్వదు. నీళ్లకు పోయేది, తాగకపోయేది. పిల్లుల సంగతి నాకు తెల్వదు గని, దవాఖానల అడిగితే ఏం పోతది?"

"ఇంట్ల పిల్లి మొగులయ్యా. గడప దాటనే దాటదు" లోపలినుంచి వేణుగోపాలాచారి అన్నాడు. "పిచ్చికుక్క రోగం కుక్కకొస్తది. దీనికెక్కడికెళ్లి వస్తది?"

"గదే స్వామీ, నాకు గూడ గదే సమజ్ గాలే" అని మొగులయ్య చెంబు తీసుకున్నాడు. పుష్పమ్మ మాత్రం కదల్లేదు.

"నువ్వు రా అమ్మగారూ. నేను తోల్కపోత. స్వామి ఇష్టం స్వామిది."

వేణుగోపాలాచారి ఆ పూట నైవేద్యం అయ్యాక విఠల్‌రావును అడిగాడు. విఠల్‌రావు గుడి కమిటీ పెద్ద, లెక్కల దఫ్తరులో పనిచేసి రిటైరైనవాడు. రోజూ ఇంగ్లీషు పేపరు చదివేవాడు.

"ఆచారీ, ఇంట్లో ఉండే పిల్లికి ఆ రోగం రానే రాదు. వీధి కుక్కలకు, అడవి నక్కలకు వచ్చేది అది. నేను చదివిన" అన్నాడు. "ధనుర్మాసం ముందున్నది. నువ్వు దవాఖానల చుట్టు తిరిగితే పొంగలి ఎవడు వండుతడు?"

అసలు మాట చివరిదే. ధనుర్మాసం ఆ గుడికి ఏడాదికంతటికీ పెద్ద పండుగ. తెల్లవారకముందే పొంగలి సిద్ధం కావాలి. ఒక్క పూట తప్పినా కుదరదు. వేణుగోపాలాచారి తప్పుకుంటే వండడానికి అతని పినతండ్రి కొడుకు రంగాచారి ఉన్నాడు. ఒకసారి అతనికి గరిట ఇస్తే మళ్లీ తన చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే గుడిలో శాస్త్రం చెప్పే పెద్దాయన కృష్ణమాచార్యులను అతను అడగలేదు. అడిగితే కాటు సంగతి విఠల్‌రావు దగ్గర ఆగదు, గరిట దించమంటారు.

కోమలవల్లి పుష్పమ్మతో రిక్షా ఎక్కింది. నయాపూల్ దాటుతుంటే పుష్పమ్మ "అగో మూసీ" అని చూపించింది. నీళ్లు తక్కువగా ఉన్నాయి. చాకళ్లు బట్టలు ఆరేశారు. కోమలవల్లి చూసింది. ఇంతకాలం ఊళ్లోనే ఉన్న నదిని చూసినందుకు సంతోషం గానీ మరొకటి గానీ కలగలేదు.

దవాఖానలో డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. అంతా విన్నాడు.

"పిల్లి బయటికి పోదు సరే. బయటినుంచి ఏదైనా లోపలికి వచ్చిందా?"

కోమలవల్లి ఆలోచించింది. "ముంగిస వచ్చింది. తూములకెళ్లి. పిల్లితోని కొట్లాడింది."

"ఎప్పుడు?"

"దసరా అయినంక."

డాక్టరు కలం కింద పెట్టాడు. "అమ్మా, పిల్లి గడప దాటకపోతే ఏం లాభం? తూము దాటి ముంగిసతోని ఆ రోగమే వచ్చింది గద. మీవారు ఎక్కడ?"

"రాలేదు."

"రేపు తప్పక తీసుకురా. కరిచిన జంతువు చచ్చిపోయిందంటే ఇంక ఆలోచించేది లేదు. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు. రోజుకొకటి. రోగం పైకి తేలినంక మా చేతుల ఏమీ ఉండదు."

తెర వెనుక నర్సు ఆమె చీర పక్కకు జరిపింది. కోమలవల్లి సూది చూసింది. ఒక్కటే అడిగింది. ఏది నోట్లో పెట్టుకున్నా, ఒంటికి రాసుకున్నా ఏమిటో తెలుసుకోకుండా ఉండటం ఆమెకు అలవాటు లేదు.

"ఏం మందమ్మా ఇది?"

"గొర్రె మెదడులకెళ్లి తీస్తరు" అంది నర్సు, సూది గుచ్చుతూ.

ఇంటికి వచ్చి బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుంది. భర్త వంటశాల గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. మైల దాచకూడదు. దాచి లోపలికి వస్తే అది స్వామి దాకా పోతుంది. అందుకని ఆమె ముంగిస సంగతి చెప్పింది, డాక్టరు అన్నది చెప్పింది, మందు దేంతో చేస్తారో అదీ చెప్పింది. మొదటి రెండూ విన్నప్పుడు అతని మొహం కాస్త కదిలింది. బొటనవేలి వైపు చూసుకున్నాడు. మూడోది విన్నాక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"గొర్రె మెదడా?"

"గట్లనే చెప్పింది."

"పొట్టలకా?"

"పొట్టలకే."

"మాంసం కడుపుల పెట్టుకొని స్వామికి ఎట్ల వండుత?" అన్నాడు. "నీకు వేరు. నువ్వు పోతే పో. నాకు ధనుర్మాసం కానీ. గోదా కల్యాణం అయినంక చూద్దాం."

"అప్పటిదాక ఆగుతదా?"

"ఏది?"

రోగం ఆగుతుందా అని అడగడానికి, అది ఉందని ముందు ఒప్పుకోవాలి. అతను ఒప్పుకోలేదు. మందు సంగతి తాను నోట్లోనే ఉంచుకుంటే అతను వచ్చేవాడేమో. ఆ ఆలోచన అప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది, వచ్చి పోలేదు.

ఆమె రోజూ పోయింది. పొట్ట వాచి రాయిలా అయింది. ఒక చోట గుచ్చితే పక్కన ఇంకా పచ్చిగా ఉండేది. రోజూ డాక్టరు "మీవారు?" అనేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. సూదులు అయిపోయేదాకా ఆమె వంటింట్లోకి రాకూడదన్నాడు భర్త. తర్వాత కూడా రమ్మనలేదు. ఇద్దరికీ గుడి ప్రసాదమే అన్నం. ఆమెకు గడప అవతల విస్తరి వేసేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెకు వడ్డించడం అదే మొదలు.

గడప అవతల కూర్చొని ఆమె అతను నీళ్లు తాగడం చూసేది. మొగులయ్య బర్రె సంగతి చెప్పాడు కదా. చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా గొంతులో పోసుకుంటాడు. గొంతు కదిలేది. నీళ్లు దిగేవి. అప్పుడు ఆమె తన విస్తరి వైపు చూసుకునేది. పొద్దున తీర్థం, మధ్యాహ్నం చెంబు, సాయంత్రం చెంబు. తిన్నదేమిటో ఆమెకు గుర్తుండేది కాదు.

"ఏంది గట్ల చూస్తవ్?" అన్నాడొకసారి.

"ఏం లేదు."

"తాగుతున్న గద. కావాల్నంటే ఇంకోటి తాగుత, మంచిగ చూసుకో." ఇంకో చెంబు ఎత్తి గటగట తాగాడు. పైపంచెతో మూతి తుడుచుకున్నాడు. "చాలునా? ఇగ నీ డాక్టర్‌కు చెప్పు, బర్రెకున్న బుద్ధి గూడ మా ఆయనకు లేదు, నీళ్లు తాగుతనే ఉన్నడని."

పుష్పమ్మ పాలు పోస్తూ విని నవ్వింది. కోమలవల్లి కూడా నవ్వాలనుకుంది. మొహం కదల్లేదు.

"స్వామీ, ఒక్కపారి పోయొస్తే ఈమె ఫికర్ తీరుతది గద" అంది పుష్పమ్మ.

"కల్యాణం గానీ పుష్పమ్మా. మాటిచ్చిన గద."

ధనుర్మాసం నడిచింది. చలికి వంటశాల గోడలు చెమ్మగా ఉండేవి. నెయ్యి కాగిన వాసన సందు చివరిదాకా పోయేది. పొంగలి ఆ ఏడు బాగా కుదిరిందని అందరూ అన్నారు. విఠల్‌రావు రెండోసారి పెట్టించుకొని తిన్నాడు. "చూసినవా ఆచారీ, ఏమైంది? ఏమీ కాలే" అన్నాడు. కోమలవల్లికి కూడా ఒకటి రెండు రోజులు, ఇంట్లో పిల్లికి నిజంగానే ఏమీ ఉండదేమో అనిపించింది. ఆ రోజుల్లో కూడా చెంబు వైపు చూడటం మాత్రం మానలేదు.

భోగినాడు గోదా కల్యాణం అయింది. ఆ సాయంత్రం అతను బొటనవేలు నలుపుకుంటూ కూర్చున్నాడు.

"తిమ్మిరెక్కినట్టున్నది. గరిట పట్టీ పట్టీ" అన్నాడు. "ఎల్లుండి పోదాంలే, నీ డాక్టర్ దగ్గరికి."

మర్నాడంతా తల నొప్పి అని పడుకున్నాడు. ఆ తర్వాతి ఉదయం గుడిలో తీర్థానికి చెయ్యి చాపాడు. మూడు చుక్కలు. చెయ్యి నోటి దాకా పోయి ఆగింది. గొంతు బిగిసింది. అర్చకుడు ఏమైందన్నాడు. అతను చెయ్యి కిందికి దించాడు. తీర్థం వేళ్ల సందుల్లోంచి నేల మీద పడింది. ఆ ఇంటి మగవాళ్లు ఎవరూ అంతకుముందు తీర్థం నేలపాలు చేయలేదు. స్తంభం పక్కన నిలబడ్డ కోమలవల్లి అతని గొంతునే చూస్తూ ఉంది. బయటికి వచ్చి రిక్షా పిలిచింది.

దవాఖానలో డాక్టరు నీళ్ల గ్లాసు చూపిస్తే అతను ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు. అంతే చాలింది. చెప్పాల్సింది డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. చివరి దాకా వేణుగోపాలాచారికి తెలివి ఉంది. "రంగాచారికి చెప్పు, ఉప్పు చేతితోనే వేయమను, గరిటతో వద్దని" అన్నాడు. దాహం అని కూడా అన్నాడు.

దినాలు అయ్యాక కృష్ణమాచార్యులు పరామర్శకు వచ్చాడు. చాప మీద కూర్చొని అంతా విన్నాడు.

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఔషధానికి దోషం లేదమ్మా" అన్నాడు. "సూదులు అయినంక పంచగవ్యం పుచ్చుకొని, స్నానం చేసి, నూటెనిమిది సార్లు మంత్రం జపిస్తే సరిపోయేది. ఒక్క పూట పని. నన్నడిగితే చెప్పకపోదునా?"

కోమలవల్లి "అడగలేదు" అంది.

వంటశాల రంగాచారికి వచ్చింది, దాంతో ఇల్లు కూడా. ఆమెకు వెనుక గది ఇచ్చారు. గుడికి వచ్చే బియ్యంలో రాళ్లు ఏరే పని ఇచ్చారు. ఆమె చేట ముందు పెట్టుకొని కూర్చునేది. పొట్ట మీద సూదుల గుర్తులు నల్లగా మిగిలిపోయాయి. నొక్కుకుంటే నొప్పి తెలిసేది కాదు. చాలా విషయాలు అట్లాగే తెలిసేవి కావు. పండుగ వచ్చేది, పోయేది. ఎవరైనా నీళ్లు తాగుతుంటే మాత్రం ఏరుతున్న చెయ్యి ఆగేది. వాళ్లు చెంబు దించాక మళ్లీ కదిలేది.

బియ్యం గదిలో ఎలుకలు పెరిగాయి. పుష్పమ్మ కొట్టంలో పుట్టిన పిల్లికూనను కొంగులో పెట్టుకొని తెచ్చింది.

"నీకు వద్దంటే తీస్కపోత అమ్మగారూ."

కోమలవల్లి కూనను చూసింది. "ఉండనియ్" అంది. ముందు తాపీమేస్త్రీని పిలిపించి తూముకు ఇనుప జాలీ బిగించింది. కూన కాస్త పెద్దయ్యాక గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, పశువుల దవాఖానకు తీసుకుపోయింది. ఈసారి పుష్పమ్మ తోడు అక్కర్లేకపోయింది.

అక్కడ ఎద్దులు, మేకలు, ఒక దొరగారి కుక్క ఉన్నాయి. కంపౌండరు గంపలోకి తొంగి చూసి నవ్వాడు. "క్యా అమ్మా, బిల్లీకు భీ సూయీ?" అని, పిల్లికి కూడా సూదట అంటూ పక్కవాళ్లకు చూపించాడు. వాళ్లూ నవ్వారు. పశువుల డాక్టరు బయటికి వచ్చాడు. కుర్రవాడు.

"కుక్కలకిస్తం గని, పిల్లిని ఇంతవరకు ఎవరూ తేలేదమ్మా. వీధుల తిరుగుతదా?"

"తిరగదు. ఇంట్లనే."

"గడప దాటదా?"

"దాటదు."

"మరి దీనికి సూదెందుకు?"

"తూము ఉన్నది" అంది.

"జాలీ వేయించుకోరాదు?"

"వేయించిన."

డాక్టరు ఆమె మొహం చూశాడు. అక్కడ చదవడానికి ఏమీ లేదు. మణికట్టు మీద మచ్చ ఉంది. దాన్ని చూసి, ఇంకేమీ అడగకుండా సూది తెమ్మని కంపౌండరుకు చెప్పాడు. "మళ్లీ ఏడాదికి తీసుకురావాలె, ఒక్కసారితో అయిపోదు" అన్నాడు. ఆమె తల ఊపింది.

ఇంటికి వచ్చి గంప దించేసరికి రంగాచారి మడితో వంటశాల గడపలో నిలబడి ఉన్నాడు. పుష్పమ్మ చెప్పినట్టుంది.

"వదినా, దానికి గూడ ఆ గొర్రె మెదడు మందే పొడిచిన్రా?"

ఆమె దాచలేదు. "గసొంటిదే ఉంటది."

"మరెట్ల? ఇది వంటశాలల తిరుగుతది. నా కాళ్లకు రాసుకుంటది."

కోమలవల్లి గుడ్డ విప్పింది. పిల్లి బయటికి దూకి, ఒళ్లు విరుచుకొని, తిన్నగా వంటశాల వైపు నడిచింది. రంగాచారి మడి బట్ట పైకెత్తుకొని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిల్లికి మైల లేదు" అంది కోమలవల్లి. చేట ముందుకు లాక్కొని రాళ్లు ఏరడానికి కూర్చుంది.